నూలు కట్టని సీసాలు

మొన్న గాంధీపురంలోని ఒక పరీక్షాలయంలో మా అన్న మనుమని పక్కన కూర్చుని ఉన్నాను. బల్ల వెనుకనున్న అమ్మాయి తల యెత్తకుండానే పేరేమిటని తమిళంలో అడిగింది. అతడు పేరు చెప్పాడు. ఆ వెంటనే, ఎవరూ అడగకుండానే, అదే పేరు తన తాతకు కూడా ఉన్నదనీ, పేరుకు ముందుండే పొడి అక్షరం సైతం ఒకటేననీ, తాత సీసా ఎప్పుడు వచ్చినా అది వేరు, తన సీసా వేరనీ, రెంటినీ కలపరాదనీ విడమరిచి చెప్పాడు. గొంతు కొంచెం పెద్దదే. వరుసలో నిలుచున్నవారు ఇటు తిరిగి చూశారు.

ఆ మాటలు అతనివి కావు, మా వదినెవి. ఆమె పోయి ఏడాది కావస్తున్నది.

ఆమె పేరు ఇక్కడ వ్రాయను. పేరు పలుకకపోవడాన్ని బ్రతుకంతా ఒక వ్రతంవలె నడిపిన మనిషికి, ఆమెను గూర్చి వ్రాసే నాలుగు మాటలలో ఆ మర్యాదనైనా చెల్లించడం ఉచితమని తోచింది.

మాది అన్నూరు పక్కనున్న పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆంధ్రదేశానికి దూరమై శతాబ్దులు గడిచినా మా ఇళ్ళలో కొన్ని కట్టుబాట్లు చెక్కు చెదరలేదు. తాత పేరు మనుమనికి పెట్టవలసిందే. భార్య భర్త పేరు పలుకరాదు, వ్రాయనూ రాదు. పలికితే అతని ఆయుస్సు తరుగుతుందని నమ్మిక. ఈ రెండు ఆచారాలూ ఒకే ఇంట్లో కలిసినందువల్ల మా వదినెకు తన మనుమని పేరు కూడా నిషిద్ధమైపోయింది. పుట్టిననాటినుండి అతనిని "కన్నూ" అనే పిలిచింది. కోయంబత్తూరు వైపు పిల్లలను ముద్దుచేసే పిలుపు అది. మీసాలు వచ్చి, నూలు మిల్లు కార్యాలయంలో ఉద్యోగం చేస్తున్నా అతడు కన్నుగానే మిగిలాడు.

ఇక్కడ పేరుకు ముందు తండ్రి పేరులోని తొలి అక్షరం వ్రాస్తారు. మా నాయన పేరే మా అన్న కొడుకుకు పెట్టారు గనుక, తాతా మనుమలిద్దరికీ ఆ అక్షరం కూడా ఒకటే అయింది. కాగితం మీద చూస్తే ఇద్దరూ ఒక్క మనిషే.

భర్త పేరు చెప్పవలసివచ్చిన చోటల్లా ఆమె చేసే పని ఒకటుండేది. పెదవులు బిగించి, పక్కనున్నవారి వైపు గడ్డం కొంచెం ఎత్తేది. "నువ్వు చెప్పు" అని అర్థం. పక్కన మనిషి లేకపోతే మాత్రమే చిక్కు. పెరుమాళ్ళ గుడిలో అర్చనకు పూజారి పేరూ నక్షత్రమూ అడిగితే, "నక్షత్రం చెప్తా. పేరు సామికి తెలుసు. తెలియకుంటే ఆయన సామి ఎట్లయినాడు?" అనేది. ఓటు వేయబోతే అక్కడి ఉద్యోగి భర్త పేరు అడిగాడట. "నీ చేతిలో కాగితం ఉండాది కదప్పా, నువ్వే చదువు. నేను విని ఆమా, అవునని అంటా" అన్నదట. ఇక ఇంట్లో ఆయనను పిలవడానికి గరిటెతో వంటింటి స్తంభం మీద తట్టేది. ఆ చప్పుడులో అన్నానికి ఒకటి, కోపానికి ఒకటి వేరువేరు పోకడలుండేవి. మా అన్న ఎంత దూరాన ఉన్నా తేడా గుర్తుపట్టేవాడు.

ఇంత మొహమాటం గల మనిషి, మూత్రం విషయంలో మాత్రం ఏ మొహమాటమూ ఎరుగదు. దానికి కారణం ఆమె అన్నగారు. ఆయన ఒట్టన్‌చత్రం మార్కెట్టులో కూరగాయల మండీ నడిపేవాడు. టమాటా బుట్టను ఒంటిచేత్తో ఎత్తగలిగిన మనిషి. ఏటేటా ఒకసారి మూత్రంలో ప్రోటీన్ పోతున్నదేమో చూపించుకొమ్మని వైద్యుడు చెబితే, "నొప్పి లేనిదానికి టెస్టు ఏమిటికి?" అని నవ్వేవాడట. నొప్పి చివరిదాకా రాలేదు. ఊపిరి అందక మదురై ఆసుపత్రికి తీసుకుపోయిననాటికి రెండు మూత్రపిండాలూ పూర్తిగా చెడి కూర్చున్నాయి. డయాలిసిస్ గదిలో చెల్లెలి చేయి పట్టుకుని, "నొప్పి రాలేదే, నొప్పి రాలేదే" అని, ఎవరో తనను మోసగించినట్టుగా అంటూ ఉండేవాడట. ఆయన పోయిన తరువాత మా వదినె నోట ఒక మాట స్థిరపడింది: "నొప్పి వచ్చినాక చూస్తామనేది చూసేది కాదు, ఏడ్చేది."

అప్పటినుండి ఇంటిల్లిపాదికీ ఏటా పరీక్ష. మా అన్నకు మధుమేహం ఉన్నందువల్ల డాక్టరమ్మ ఆయనకు ఎలాగూ వ్రాసేది. మా వదినె మిగిలినవారిని కూడా చేర్చింది. తెల్లవారగానే ఒక్కొక్కరి గది ముందు సీసా పెట్టేది. "మొదటి నీళ్ళు కావాల. కాపీ తాగినాక కుదరదు" అని కాఫీ గిన్నెకు అడ్డంగా నిలుచునేది. పిమ్మట సీసాలన్నీ ప్లాస్టిక్ వైరుతో అల్లిన బుట్టలో పేర్చుకుని, అన్నూరులో బస్సెక్కి గాంధీపురంలో దిగేది. ఒకసారి కండక్టరు బుట్టను కాలితో లోపలికి తోయబోయాడు.

"కాలు తీయప్పా. దాంట్లో మా ఇంటోళ్ళ కిడ్నీలు ఉండాయి."

ఆ కండక్టరు అన్నూరు దారిలో మరెప్పుడూ ఏ బుట్టనూ తోయలేదని మా అన్న చెప్పేవాడు. ఆయన మాటల్లో కొంత కల్పన ఉండవచ్చు.

సీసాల మీద పేర్లు వ్రాయడం ఆమెకు కుదరదు గదా. అందుకు ఆమె వేరే ఉపాయం చేసుకుంది. మా వాళ్ళకు పవర్‌లూమ్ షెడ్డు ఉన్నది. ఇంట్లో నూలుకు కొదవ లేదు. మా అన్న సీసా మెడకు ఎర్ర నూలు, కొడుకు సీసాకు తెల్ల నూలు చుట్టేది. కన్ను చదువు ముగించి ఇంటికి వచ్చిన ఏడు, అతని సీసాకు పచ్చ నూలు చుట్టింది. తాతా మనుమల సీసాలు ఒకే బుట్టలో పోవడం అదే మొదటిసారి.

ఆ రోజు ఆమె ఒంటరిగా పోయింది. పేరు అడిగితే, భర్తకు డాక్టరమ్మ వ్రాసియిచ్చిన పాత చీటీ చూపి, "రెండు సీసాలూ ఈ పేరే" అన్నది. బల్ల దగ్గరి అమ్మాయి అవి రెండూ ఒకే పెద్దాయనవనుకున్నది. నూలు తెంపి, రెంటికీ ఒకే పేరు, ఒకే వయసు ఉన్న చీటీలు అంటించింది. చీటీ అంటిన తరువాత ఇక దిగులు లేదనుకుని మా వదినె ఇంటికి వచ్చేసింది.

ఫలితాలు వచ్చాయి. ఒకే పేరు మీద రెండు కాగితాలు. ఒకదానిలో ప్రోటీన్ ఏమీ లేదు. రెండవదానిలో చాలా పోతున్నది. ఇంట్లో ఎవరికీ సందేహం కలుగలేదు. మధుమేహం ఉన్నది పెద్దాయనకు. చెడ్డ కాగితం ఆయనదే కావాలి. మంచి కాగితం పిల్లవానిది. మా అన్నకు మరునాటి నుండి ఉప్పు కట్. ఆ దినాలలో నేను పోయినప్పుడల్లా నన్ను తిన్నె మీద కూర్చోబెట్టుకుని విలపించేవాడు.

"చారు పోస్తుందిరా. వేడినీళ్ళలో చింతపండు కడిగినట్ల ఉండాది. ఈ ఇంట్లో ఆవుకు కూడా ఉప్పు పెడతారు, నాకే లేదు."

లోపలినుండి స్తంభం మీద గరిటె మోగేది. కోపం పోకడ. ఆయన నోరు మూసేవాడు.

అలా కొన్ని వారాలు గడిచాయి. ఒకనాటి సాయంకాలం నేను అక్కడ ఉండగానే కన్ను మిల్లునుండి వచ్చి, తిన్నె మీద కూర్చుని బూట్లూ మేజోళ్ళూ విప్పాడు. మా వదినె వాకిట మల్లెలు కోస్తున్నది. మేజోడు పట్టీ ఒరుసుకున్న చోట అతని కాలి చుట్టూ లోతుగా ఒక గాడి పడి ఉన్నది. ఆమె కోయడం ఆపి చూసింది. లోపలికి పోయి, కాఫీ తెచ్చి ఇచ్చి, అతడు తాగేదాకా నిలుచున్నది. గాడి అలాగే ఉన్నది. అప్పుడు కింద కూర్చుని, అతని కాలు తన ఒడిలోకి లాక్కుని, ముంగాలి ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి, తీసింది. పూరీల పిండిలో వేలు పెట్టినట్టుగా గుంట నిలిచిపోయింది.

"కన్నూ, ఉచ్చ పోస్తే నురుగు వస్తాదా?"

అతడు ఉలిక్కిపడి కాలు లాక్కున్నాడు. "ఏమవ్వా ఇది, చిన్నతాత ముందర!"

"చిన్నతాత పోయడా ఏమి? అడిగినదానికి చెప్పు."

"వస్తాది. సోపు పొడి వేసినట్ల."

"పోతాదా, నిలుస్తాదా?"

"నిలుస్తాది."

"ఎన్నాళ్ళుగా?"

"తెలీదవ్వా. దాన్ని ఎవరు చూస్తారు?"

ఆమె మా అన్న వైపు తిరిగింది. ఆయన పంచె కాస్త పైకి లాగి, ఆయన కాలిని కూడా అలాగే నొక్కింది. ఎండు చెరకువలె ఉన్న ఆ కాలి మీద ఏ గుర్తూ నిలవలేదు. ఆమె లేచి చేతులు కడుక్కున్నది.

"ఆ చెడ్డ కాగితం ఈయనది కాదు, తంబీ" అన్నది నాతో. "ఆ పిల్ల నూలు తెంపి చెత్తబుట్టలో వేసినాది. నేను చూస్తానే ఉన్నా. పైన చీటీ అంటించినాది కదా, సరి అనుకున్నా. ఏ నూలు ఏ సీసాదో ఆ చీటీకి ఎట్ల తెలుస్తాది?"

కొడుకు షెడ్డునుండి వచ్చాడు. విషయం వినగానే అతని ముఖం ముడుచుకున్నది.

"చక్కెర ఉండేది నాయనకమ్మా. వీనికి ఏమి? రాయి మాదిరి ఉండాడు."

"మీ మామ కూడా రాయి మాదిరే ఉన్నాడు."

"అట్లని కాదు. వీనికి పిల్లను చూస్తా ఉండాము. ఇప్పుడు మళ్ళా టెస్టు, కిడ్నీ అని నాలుగిండ్లకు తెలిసినాదంటే ఎవరిస్తారు?"

"పిల్లనిచ్చేవాళ్ళకు జాతకం కావాల. కట్టుకునేదానికి వీడు కావాలరా. నాకూ వీడే కావాల."

"డాక్టరమ్మే కాగితం చూసి నాయనకు మాత్రలు మార్చినాది..."

"కాగితం చూసి మార్చినాది. కాలు చూసి కాదు. రేపు పొద్దున సీసాలు పెడతా. ఎవడైనా కాపీ అడిగినారో, చూడండి."

మరునాడు ఆమె మొదట డాక్టరమ్మ దగ్గరకే పోయి అంతా చెప్పింది. ఆవిడ విసుక్కోలేదు. అసలు ఒక్క పరీక్షతో నిర్ణయించకూడదనీ, జ్వరం వచ్చినా, ఎండలో బాగా కష్టపడినా కూడా ఒక్కొక్కప్పుడు ప్రోటీన్ కనిపిస్తుందనీ, కాబట్టి ఇద్దరివీ వేరువేరుగా మళ్ళీ చూడవలసిందేననీ వ్రాసి ఇచ్చింది. గాంధీపురానికి నన్ను తోడు రమ్మన్నది మా వదినె. బస్సులో బుట్ట ఆమె ఒడిలోనే ఉన్నది. నేను తొంగి చూశాను. సీసాలు రెండూ చెరొక మూలన ఉన్నాయి, మెడలకు ఏ నూలూ లేదు.

"కట్టలేదా వదినె?"

"కట్టి ఏమి లాభం?" అని కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నది.

పరీక్షాలయంలో జనం బాగా ఉన్నారు. బల్ల వెనుక అదే అమ్మాయి. పేరు అడిగింది. మా వదినె అలవాటు కొద్దీ పెదవులు బిగించి, గడ్డం నా వైపు ఎత్తింది. నేను చెప్పబోయాను. అంతలో నా మణికట్టు మీద ఆమె చేయి పడింది.

"ఉండు తంబీ."

రెండు చేతులతోనూ బల్ల అంచు పట్టుకున్నది. ఇక్కడ ఆమె తమిళంలోనే మాట్లాడింది గాని, నా చెవిలో అది మా ఇంటి తెలుగుగానే నిలిచింది.

"తిరుమలసామి" అన్నది.

ఆ పేరు ఆమె నోట నేను విన్నది అదే మొదలు. ఆ ఇంట్లో పుట్టిన నాకే అది ఎవరిదో కొత్త పేరువలె వినిపించింది. ఆమె ఒక సీసా ఎత్తి, గొంతు హెచ్చించింది.

"ఆర్. తిరుమలసామి. ఇది నా ఇంటాయనది. డెబ్బై దాటినాడు. రాసినావా? ఇదీ ఆర్. తిరుమలసామి. ఇది నా మనుమడిది. ఇంకా పెండ్లి కాలేదు. ఇద్దరు మనుషులు. ఒకడు కాదు."

"మెల్లగా చెప్పండమ్మా, వినబడుతున్నది" అన్నది ఆ అమ్మాయి, చుట్టూ జనం చూస్తున్నందుకు ఇబ్బందిపడుతూ.

"పోయినసారి మెల్లగా ఉండినందుకే ఈ చిక్కు వచ్చినాది. నువ్వు తిరిగి చదువు, నేను వింటా."

ఆ అమ్మాయి చదివింది. వయసులతో సహా చదివింది. సీసాల మీద చీటీలు అంటించి, ఏది ఎవరిదో వేలితో చూపించింది. మా వదినె "ఆమా" అన్న తరువాతనే బల్ల వదిలింది.

బయట బెంచీ మీద కూర్చున్నాము. నీళ్ళు తెచ్చి ఇచ్చాను. గుక్కెడు తాగి అడిగింది.

"ఆయనకు ఆయుస్సు తగ్గదు కదా, తంబీ?"

చదువుకున్నవాడను గనుక అదంతా వట్టి నమ్మిక అని చెప్పగలను. కాని ఆమె ఆ నమ్మికను వదిలిపెట్టి ఆ పేరు పలుకలేదు, నమ్ముతూనే పలికింది. నా జవాబు కోసం ఆమె ఆగలేదు. కొంగుతో మూతి తుడుచుకుని లేచింది.

"కొంచెం తగ్గినా తగ్గనీ. ఆయన తిన్నాడు, తిరిగినాడు, నాతో కొట్లాడినాడు. వీడు ఇంగ మొదలే పెట్టలేదు. పద, బస్సు పోతాది."

ఈసారి కాగితాలు వేరువేరుగా వచ్చాయి. మా అన్నది శుభ్రంగా ఉన్నది. ప్రోటీన్ పోతున్నది కన్నుకు. డాక్టరమ్మ వెంటనే మూత్రపిండాల వైద్యుని దగ్గరకు పంపింది. ఆయన సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాడు. లోపలి జల్లెడలు చినగడం మొదలైందనీ, ఇప్పుడు పట్టుకున్నాము గనుక నిలబెట్టవచ్చుననీ, మాత్రలు, తక్కువ ఉప్పు, కొన్ని నెలలకొకసారి ఈ పరీక్ష ఇక తప్పవనీ చెప్పాడు. ఇంకొన్ని ఏళ్ళు ఆగి ఉంటే ఏమయ్యేదని కొడుకు అడిగాడు. వైద్యుడు జవాబు చెప్పకముందే మా వదినె, "దాన్ని అడగొద్దు. మాత్ర తిండికి ముందరా, వెనకా? అది అడుగు" అన్నది.

గాంధీపురంలో జరిగిన కథ నేను మా అన్నకు చెప్పాను. ఆయన లేచి వంటింటి గుమ్మం దాకా పోయి నిలుచున్నాడు.

"ఏమే, ఏదో చెప్పినావంటనే. ఇంకొకసారి చెప్పు, వింటాను."

"అది లాబుకు చెప్పినాది. మీకు కాదు" అని ఆమె గరిటె అందుకున్నది.

ఆయనకు ఉప్పు తిరిగి వచ్చింది. అంత పోరాడినవాడు, ఆకులో ఒక మూల పెట్టిన ఆ ఉప్పును ముట్టకుండా, మనుమని పక్కన కూర్చుని అదే చారు తాగడం నేను కళ్ళారా చూశాను. చారు ఎలా ఉందని అడిగితే, "వేడినీళ్ళు" అని చెప్పి మళ్ళీ పోయించుకున్నాడు.

పిల్లను చూడడానికి పోయినప్పుడు, తాంబూలం పళ్ళెంలో జాతకంతో పాటు ఆ పరీక్ష కాగితం కూడా పెట్టించింది మా వదినె. కొడుకు ఎంత బతిమాలినా వినలేదు. ఒక ఇంటివారు మర్యాదగా తప్పుకున్నారు. ఇంకొక ఇంట, పిల్లే ఆ కాగితం తీసుకుని చదివి, తిండిలో ఏమేమి మానాలని అడిగిందట. పెళ్ళి అక్కడే జరిగింది. ఆ పిల్లతో మా వదినె చేసిన మొదటి ఒప్పందం ఒకటున్నది. "మొగుడి పేరు ఇంట్లో పలికితే పలుకు, మానితే మాను. లాబులో మాత్రం పలకాల."

ఆమె ఇంట్లో ఆ పేరును ఎన్నడూ పలుకలేదు. కన్ను ఆమెకు చివరిదాకా కన్నే. గాంధీపురంలో మాత్రం ప్రతిసారీ పలికింది. ప్రతిసారీ బల్ల అంచు పట్టుకునే పలికింది. నిరుడు గుండె ఆగి, పెద్దగా బాధపడకుండా పోయింది. మా అన్న ఆయుస్సు ఏమీ తరగలేదు. స్తంభం మీద గరిటె నొక్కులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చుంటాడు. ఆమె పోయినప్పటినుండి తన సీసా ఇవ్వడం మానుకున్నాడు.

మొన్నటి ఫలితం తీసుకుని కన్నూ, నేనూ ఇల్లు చేరేసరికి ఆయన ఆ కుర్చీలోనే ఉన్నాడు. ప్రోటీన్ పోవడం పోయినసారికంటె పెరగలేదు. కొంచెం తగ్గింది కూడా. కన్ను కాగితం చేతికిచ్చాడు. కళ్ళు సరిగా కనబడకపోయినా ఆయన దానిని దూరంగా పట్టుకుని చూశాడు.

"ఇది ఎవరిది?"

"నాది తాతా."

"పేరు చెప్పే ఇచ్చినావా?"

"చెప్పినా."

"గట్టిగానా?"

"అందరూ తిరిగి చూసినారు తాతా."

మా అన్న కాగితాన్ని మడిచి, మనుమని చొక్కా జేబులో తానే పెట్టాడు. "సరి" అన్నాడు. "రేపు నా సీసా కూడా తీసుకుపో."